రోడ్డు వైపు తిప్పిన కుర్చీ

ఇన్నయ్య సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగేసరికి చేతిలో ఒక ఖాళీ బకెట్ ఉంది. గోడలకు వేసే రంగు అమ్మిన ప్లాస్టిక్ బకెట్, మూతకు మేకుతో పొడిచిన చిల్లులు. దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని ప్రయాణమంతా కూర్చున్న ఆయన్ను పక్క సీటాయన అడగనే అడిగాడు, అందులో ఏముందని.

"ఏం లేదు. వాపస్ పోయేటప్పుడు చేపలు తీస్కపోవాలె."

"ఎక్కడికి?"

"సముద్రం కాడికి."

పక్క సీటాయన దుప్పటి ముసుగు పెట్టేశాడు.

నవ్వొచ్చే సంగతే గాని అబద్ధం కాదు. ఇన్నయ్య ఉండేది భీమిలి దాటి ఇంకా ఉత్తరానికి పోతే తగిలే ఇసకలపేటలో. గడప దిగితే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. మర్నాడు మిరుగం. తెలంగాణలో పుట్టిన మనిషికి మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాది పొడుగునా ఒంట్లో ఏదో వెలితిగానే ఉంటుంది. చేప ముట్టని ఇళ్ళలో కూడా బెల్లంలో ఇంగువ పెట్టి మింగి ఆ లోటు తీర్చుకుంటారు. సముద్రానికి మాత్రం ఈ కార్తెల పట్టింపు లేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా అక్కడ వేట నిషేధం. మరపడవలన్నీ ఒడ్డెక్కి బోర్లా పడుకుంటాయి. ఇసకలపేటకు వెళ్ళిన మొదటి ఏడు మిరుగం నాడు ఇన్నయ్య గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే, పొరుగింటి గురమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏట నేదు బావూ! ఎండుసేపుంది, అట్టుకెల్తావేటి?"

మిరుగం కొర్రమీను తెస్తానన్నది భార్య భూదేవికి చెప్పి వచ్చిన కారణం. చెప్పని కారణం ఇంకొకటి ఉంది. తార్నాక పక్కనే లాలాగూడలో ఉండే స్నేహితుడు కరుణాకర్ ఇంటి పైపోర్షన్ ఖాళీ అయిందని విన్నాడు. అది కిరాయికి అడగాలి. అడిగి, తార్నాకకు తిరిగి వచ్చేయాలి. ఆ ఒక్కమాట అడగడానికి రైలంతా సాధన చేసుకుంటూ వచ్చాడు.

అంత సాధన ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి నడవాలి.

ఇన్నయ్య జనగామ దిక్కున ఒక మెట్ట పల్లెలో పుట్టి, మీసాలు రాని వయసులో తార్నాక దగ్గరి యూనివర్సిటీ క్యాంపస్‌కు వచ్చి, భూగోళశాస్త్రం డిపార్ట్‌మెంటులో అటెండరుగా కుదిరాడు. ప్రొఫెసరు "ఇన్నయ్యా, బంగాళాఖాతం" అని కేకేస్తే, మూల నిలబెట్టిన కాన్వాసు పటాల్లోంచి సరైన చుట్ట లాగి నల్లబల్ల మీది మేకులకు తగిలించాలి. గంట కొట్టాక మళ్ళీ చుట్టి మూలకు చేర్చాలి. దుమ్ము పడితే మెత్తటి బట్టతో తుడవాలి. నేల ఉన్నచోట ఆ పటాలు ఊళ్ళ పేర్లతో, నదులతో, సరిహద్దు గీతలతో కిక్కిరిసి ఉండేవి. సముద్రం ఒక్కటే ఖాళీగా, నీలంగా ఉండేది. అక్కడ చెయ్యి ఏ అడ్డూ లేకుండా సాగిపోయేది. మనిషి ప్రేమలో పడడానికి ఇంతకన్న చిన్న కారణాలు లోకంలో బోలెడున్నాయి. పాత యాత్రికుల రాతలు తిరగేస్తే, సముద్రాన్ని అందరికన్నా ఎక్కువ కలవరించింది నీళ్ళు లేని ఊళ్ళలో పుట్టినవాళ్ళే అనిపిస్తుంది. ఒడ్డున పుట్టినవాళ్ళు దాని గురించి, ఇంట్లో ఉన్న ముసలి మామ గురించి చెప్పినట్టు, రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు.

తరవాత టూర్లు వచ్చాయి. ఏటా డిసెంబరులో విద్యార్థులను సర్వే నేర్పడానికి ఎక్కడికో తీసుకువెళ్ళేవారు. కొలత గొలుసులు, జెండా కర్రలు, వంట గిన్నెలు మోయడానికి అటెండరు వెంట ఉండాలి. ఒక ఏడు ఆ టూరు ఇసకలపేటకు పడింది. పలచటి ఎండ, చల్లటి గాలి, ఇస్త్రీ చేసినట్టున్న నీళ్ళు. ఇన్నయ్య ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో నిలబడ్డాడు. పిల్లలు కొలతలన్నీ ముగించుకుని వచ్చినా కదల్లేదు. ఆ తరవాత కూడా కొన్నిసార్లు అదే ఊరికి వెళ్ళారు, ఎప్పుడు వెళ్ళినా డిసెంబరే. ఆయన చేసిన పొరపాటల్లా ఇదే. సముద్రానికి డిసెంబరు కాక వేరే నెలలు కూడా ఉంటాయన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

అప్పటినుంచి తార్నాక చౌరస్తా పక్క సందులో ఉన్న ఇరానీ హోటల్లో రోజూ సాయంత్రం అదే ముచ్చట. "రిటైరైనంక సముద్రం ఒడ్డుకు ఇల్లు. చూస్తుండుండ్రి." చాయ్ తాగేవాళ్ళు ఆయనకు 'సముద్రం ఇన్నయ్య' అని పేరు పెట్టేశారు. ఒక మాట ముప్పై ఏళ్ళు అంటూ పోతే అది మాటగా మిగలదు, ఇల్లుగా కట్టుకోక తప్పదు. రిటైరై క్యాంపస్ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, వచ్చిన పైకంతో ఇసకలపేటలో రేకుల వరండా ఉన్న చిన్న ఇల్లు కొన్నాడు. కూతురు పూర్ణిమ నిజామాబాదులో టీచరు, దాని సంసారం దానిది. భూదేవి మాత్రం ఏడ్చింది. "ఆ నీళ్ళ పక్కపొంటి నేనేం జెయ్యాలె? నాకు మనుషులు గావాలె" అంది. "నీకేం దెలుసు" అన్నాడు ఇన్నయ్య.

మొదటి వేసవి రాకముందే ఎవరికేం తెలుసో తేలిపోయింది. ఉప్పుగాలికి ఫ్యాను రెక్కలు తుప్పు పట్టాయి, తాళాలు బిగుసుకుపోయాయి. వీడ్కోలు నాడు డిపార్ట్‌మెంటువాళ్ళు పనికిరాదని తీసేసిన బంగాళాఖాతం పటాన్ని ఆయనకు బహుమానంగా ఇచ్చారు. క్యాంపస్‌లో అన్నేళ్ళు చెక్కు చెదరని ఆ నీలం, అసలు బంగాళాఖాతం ముందు వేలాడదీస్తే రెండు వానలకే బూజు పట్టి మచ్చలు తేలింది. రాత్రీ పగలూ ఆ హోరు. ఒక్క క్షణం ఆపమని చెప్పడానికి లేదు.

అయితే ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వేరే. ఇన్నయ్య నడిచే మనిషి. క్యాంపస్‌లో బయల్దేరితే ఎన్‌సీసీ గేటు నుంచి విద్యానగర్ పోవచ్చు, ఇటు తిరిగితే తార్నాక, ఇంకాస్త ఓపికుంటే మెట్టుగూడ. ఏ దిక్కుకు పోయినా దారి ఉంటుంది, దారిలో ఎవడో "ఏం ఇన్నన్నా" అంటాడు. ఆయన ఎరిగిన నీళ్ళు కూడా చెరువు నీళ్ళే. ఎంత పెద్ద చెరువుకైనా అవతలి గట్టు ఉంటుంది, చుట్టి రావచ్చు. ఇసకలపేటలో అటు ఇసుక దిబ్బలు, ఇటు సముద్రంలో కలిసే ఉప్పుగెడ్డ, ఎదురుగా ఏ గట్టూ లేని నీళ్ళు. అంత విశాలమైన దాన్ని చూసి ఆయనకు గోడ గుర్తొచ్చేది. మిగిలింది వెనక రోడ్డు ఒక్కటే. దాని మీద రోజుకో బస్సు వచ్చేది, తిరిగి వెళ్ళేది. ఒకనాడు వరండాలో కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇక మళ్ళీ ఇటు తిప్పలేదు.

చిత్రమేమిటంటే భూదేవి స్థిరపడిపోయింది. మొదట కొన్నాళ్ళు మూతి ముడుచుకుని ఇంట్లోనే ఉంది. తరవాత గురమ్మ వాళ్ళు వలలు బాగుచేసే కమ్మల పాక కిందికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. వాళ్ళకు సర్వపిండి చేయడం నేర్పింది, వాళ్ళ దగ్గర చేపలు ఎండబెట్టడం నేర్చుకుంది. ఆ పాకలోంచి ఆమె నవ్వు వినిపించేది. క్వార్టర్‌లో ఉన్నన్నేళ్ళూ ఇంత గట్టిగా నవ్విందా అని ఇన్నయ్య ఆలోచించేవాడు. గుర్తు రాలేదు.

తార్నాక నుంచి ఫోన్లు వచ్చేవి. "ఎట్లున్నది అన్నా, సముద్రం?" అని అడిగేవారు. రోడ్డు వైపు చూస్తూనే, "మస్తుంది" అనేవాడు.

తార్నాక అన్న పేరు తార్, నాకా అన్న రెండు ఉర్దూ మాటల నుంచి వచ్చిందంటారు. ఒకప్పుడు ఇక్కడ తీగ కంచె, దానికో చౌకీ ఉండేవట. నిజమో కాదో గాని, కంచె పేరు పెట్టుకున్న ఈ చోటులో బస్సు దిగగానే ఇన్నయ్యకు ఊపిరి ఆడింది. ఫ్లైఓవర్ కింద హారన్లు, చెరకు రసం బండి గంటలు, ఎవడో ఎవడినో తిడుతున్న తిట్టు, అన్నీ చెవికి హాయిగా తగిలాయి. మధ్యాహ్నం దాటాక కరుణాకర్ వచ్చి ఇరానీ హోటల్‌కు లాక్కుపోయాడు. కరుణాకర్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. హోటల్లో రాంచందర్ అప్పటికే ఉన్నాడు. ఒకప్పుడు హాస్టల్ మెస్సులో వంట చేసిన మనిషి, నోరు ఊరుకోదు.

"ఏందన్నా, బకెట్ వట్టుకొచ్చినవు? సముద్రం కొంచెం తెస్తవనుకున్న, ఖాళీగున్నది!"

"కొర్రమీను తీస్కపోత తమ్మీ. గాడుండెటోళ్ళు చెరువు చేప జూడలే, జూపిద్దామని" అన్నాడు ఇన్నయ్య. అబద్ధం అలవాటైన నాలుక తడబడలేదు.

"నసీబ్ అంటే నీది. పొద్దుగాల్ల లేస్తే ఎదురుంగ సముద్రం. మా ఎదురుంగ మున్సిపాలిటీ చెత్తబండి."

అడగవలసిన మాట గొంతు దాకా వచ్చింది. "కరుణా, తమ్మీ, నీ పైపోర్షన్..."

"గదే చెప్తున్న, ఇను." కరుణాకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పైపోర్షన్ కాదు, ఇల్లే అమ్ముతున్న. గిరాకీ దొర్కిండు. ఎల్లుండి బయానా తీస్కుంట."

"ఇల్లు అమ్మి ఏడికి పోతవురా?"

"నీ కాడికే! నీ పక్కపొంటి జాగ ఖాళీగున్నదంటివి గద? గాడ చిన్నది ఒకటి కట్టుకుంట. నీ మాట మీదనే ధైర్యం జేసిన అన్నా. ముప్పయ్యేండ్ల సంది ఇన్నోణ్ణి."

రాంచందర్ బల్ల మీద చరిచాడు. "ఇద్దరు కల్సి సముద్రాన్ని సగం సగం పంచుకోండ్రి. నాకొక బకెట్ పంపుండ్రి, సాలు."

ఇన్నయ్య ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచాడు. అది విరిగి మునిగిపోయేదాకా తీయడం మరిచిపోయాడు. ఊరుకుంటే చాలు, కరుణాకర్ వచ్చేస్తాడు. వరండాలో రెండు కుర్చీలుంటాయి, తార్నాక ముచ్చట్లుంటాయి. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే ఆయనకే భయమేసింది. కళ్ళ ముందు ఆ రెండు కుర్చీలు స్పష్టంగా కనిపించాయి. రెండూ రోడ్డు వైపే తిరిగి ఉన్నాయి.

ఆ రాత్రి నిజం గుట్టుగానే పెట్టుకుని కరుణాకర్ ఇంట్లో పడుకున్నాడు.

మిరుగం తెల్లవారింది. ఇద్దరూ క్యాంపస్‌లో నడవడానికి వెళ్ళారు. ఆర్ట్స్ కాలేజీ ముందు ఎప్పటిలాగే నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలతో కూర్చున్న పిల్లలు. ఇన్నయ్య తన డిపార్ట్‌మెంటు కిటికీలోంచి తొంగి చూశాడు. తెల్ల తెర ఒకటి వేలాడుతోంది. పటాలు లేవు గాని, ఆయన కొట్టిన మేకులు గోడకు అలాగే ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి తార్నాక రోడ్డు పక్కన టబ్బులు పెట్టి కొర్రమీనులు అమ్ముతున్నారు. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నల్లటి చేపలు తోకలతో నీళ్ళు చిమ్ముతున్నాయి. కరుణాకర్ మోచేతులతో దారి చేసుకుని బతికున్న రెండింటిని బకెట్లో వేయించాడు. ఒకటి ఇవాళ్టి కూరకు, ఒకటి ఇన్నయ్య తీసుకుపోవడానికి.

"ఇదే ఆఖరు లొల్లి అన్నా. వచ్చే మిరుగానికి మనం గాడ్నే ఉంటం. పడవ దిగంగనే చేప. గింత నూకుడు ఉండది."

ఇన్నయ్య నిలబడిపోయాడు. బకెట్ చేతిలో కదులుతోంది.

"దొర్కయ్ తమ్మీ."

"ఏంది?"

"మిరుగం నాడు గాడ చేపలు దొర్కయ్. వేట బందుంటది. గందుకే బకెట్ వట్టుకొచ్చిన." ఒక దారం లాగితే అల్లికంతా ఊడినట్టు, తరవాతి మాటలు వాటంతట అవే వచ్చాయి. "చేపలే కాదు, ఏం లేదురా గాడ. నిద్ర పట్టది. మాట్లాడెటోడు లేడు. నడుస్తమంటే తొవ్వ లేదు. నేను సముద్రం మొకం జూసి ఏడాది దాటింది. నువ్వు రాకు. ఇల్లు అమ్మకు."

కరుణాకర్ ముఖం ఎర్రబడింది. "సాఫ్ చెప్పరాదన్నా, నేనొస్తే నీకు అడ్డమని. నిన్నటిదాక మస్తుంది, మస్తుంది. నేనొస్తనంగనే ఏం లేదా?"

"అడ్డం కాదురా..."

"ఇన్నేండ్లు ఊరించింది ఎందుకు మల్ల? నువ్వొక్కనివే అనుభవించాలెనా సముద్రాన్ని?"

ఎంత విడ్డూరం! అన్నేళ్ళు చెప్పిన అతిశయోక్తులన్నీ నమ్మిన మనిషి, ఒక్క నిజం చెబితే నమ్మలేదు. విసవిసా ముందు నడిచాడు. బకెట్‌తో ఇన్నయ్య వెనక పడ్డాడు.

ఇంటి దగ్గర కరుణాకర్ భార్య పద్మశ్రీ గడపలో కత్తిపీట వేసుకుని సిద్ధంగా కూర్చుని ఉంది. మొగుడి ముఖం, వెనక బావగారి ముఖం చూసి, "ఏమైంది? కొర్రమీను కరిచిందా?" అంది.

"నీ బావను అడుగు. గాడ ఏం మంచిగలేదంట, మనల్ని రావద్దంటుండు."

"నిజమే గద!" పద్మశ్రీ చేపకు బూడిద రుద్దడం మొదలుపెట్టింది. "కుర్చీ రోడ్డు దిక్కు తిప్పుకొని బస్సు జూసుకుంట కూసుంటవంట గద బావా? అక్క దినాం ఫోన్ల చెప్తది."

మగవాళ్ళిద్దరూ నోరు తెరిచారు.

"నీకు తెల్సా?" అన్నాడు కరుణాకర్. "మరి నాకు చెప్పవైతివి?"

"చెప్పిన. ఆడోళ్ళకేం దెలుసంటివి. బావ నోటితోని వస్తెనే నువ్వు ఇంటవని ఊకున్న. వచ్చింది. ఇగ బయానా తీస్కోను అని ఇల్లు కొనెటాయనకు ఫోన్ జెయ్యి, పో."

కరుణాకర్ కాసేపు చేప వైపు చూశాడు, తరవాత ఇన్నయ్య వైపు. కోపం దిగిపోయాక ఆ ముఖంలో మిగిలింది సిగ్గో, జాలో తెలియలేదు. అన్నేళ్ళ కల అతనిది కూడా మరి. లోపలికి వెళ్ళి ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడి వచ్చాడు.

అప్పుడు అడిగాడు ఇన్నయ్య. "తమ్మీ, పైపోర్షన్ నాకు కిరాయికియ్యి. నేను వాపస్ వస్త."

"అడుగుడేందన్నా." గోడకు వేలాడుతున్న తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు. "కిరాయి ముచ్చట మల్ల."

ఇంత తేలికగా అయిపోతుందని ఇన్నయ్య అనుకోలేదు. తాళంచెవికి తుప్పు లేదు. వేలితో రుద్ది చూసుకున్నాడు.

"అక్కను అడిగినవా బావా?" పద్మశ్రీ తల ఎత్తకుండానే అంది.

ఇన్నయ్య తాళంచెవిని గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"సముద్రం కాడికి పోయేటప్పుడు నన్ను అడగలే. వాపస్ వచ్చేటప్పుడన్న అడుగుతడేమో జూస్త అన్నది అక్క. అడిగినా రానన్నది అనుకో." గొంతులో వెటకారం తగ్గింది. "క్వార్టర్ల ఉన్నప్పుడు నువ్వు పొద్దున పోయి చాయ్ దుకాణం మూసినంక వస్తుంటివి. గా నాలుగు గోడలల్ల ఎవరితోని మాట్లాడిన అంటది. గాడ తలుపు తీస్తే మనుషులు, ఇగ యాడికి కదలనంటది. నువ్వొక్కనివే ఉంటనంటే ఉండు బావా, బువ్వ నేను వండి పెడ్త."

ఇన్నయ్య మెట్లెక్కి పైకి వెళ్ళాడు. రెండు గదులు, శుభ్రంగా కడిగి ఉన్నాయి. కిటికీ తెరిస్తే దూరంగా క్యాంపస్ చెట్ల తలలు. కింద ఆటోలు, వర్క్‌షాపు దిక్కునుంచి ఏదో ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. కుర్చీ ఎటు తిప్పుకున్నా దారి కనిపించే చోటు. ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ గదిలో తన ఒక్కడి చెప్పులు, ఒక్కడి కంచం, సాయంత్రం ఎంత చాయ్ తాగినా తిరిగి వచ్చి తెరుచుకోవాల్సిన ఆ తలుపు. "మనుషులు గావాలె" అన్న మాట ఆమె గొంతుతోనే వినిపించింది. అది అప్పుడు ఎంత చిన్న కోరికగా తోచిందో, ఇప్పుడు అంత పెద్దగా ఉంది.

కిందికి వచ్చి పులుసుతో అన్నం తిన్నాడు. ముల్లు లేకుండా ఏరి, మిరుగం మిరుగంలాగే తిన్నాడు. చేయి కడుక్కుని తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"గదేంది అన్నా?"

"ఉండనియ్యి. నేను సాయంత్రం బండికి పోత. ఈ చేప బకెట్ల ఎక్కువసేపు ఉండది."

కరుణాకర్ తాళంచెవిని మళ్ళీ మేకుకు తగిలించాడు. "ఎవ్వలకియ్య. గీడ్నే ఉంటది" అన్నాడు. ఆ మాట ఊరటో శిక్షో, స్టేషన్ దాకా ఆలోచించినా ఇన్నయ్యకు తేలలేదు.

మర్నాడు ఇసకలపేటలో బస్సు దిగేసరికి గురమ్మ ఎదురొచ్చింది. మూత ఎత్తి లోపలికి చూసి, వెనక్కి తిరిగి పాకలోకి కేకేసింది.

"ఓలమ్మో! సముద్దరానికి సేప తెచ్చినాడే ఈ బావు!"

పాకంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా భూదేవి నవ్వింది. నవ్వుతూనే లేచి వచ్చి బకెట్ అందుకుంది. గడపలోకి వచ్చాక గొంతు తగ్గించింది.

"పోర్షన్ ఖాళీగనే ఉన్నదా?"

ఇన్నయ్య చెప్పులు విప్పుతూ ఆగాడు. "ఉన్నది."

"ఇస్తనన్నడా?"

"ఇచ్చిండు. తాళంచెవి చేతుల పెట్టిండు."

"మరెందుకొచ్చినవు?"

ఆయన బకెట్ వైపు చూశాడు. "నీళ్ళు మార్చకపోతే చస్తదని."

భూదేవి బకెట్ కింద పెట్టింది. మంచినీళ్ళ కుండలోంచి రెండు చెంబులు ముంచి బకెట్లో పోసింది. కొర్రమీను ఒకసారి ఒళ్ళు విరుచుకుని, ప్లాస్టిక్ గోడ వెంట గుండ్రంగా తిరిగింది.

వరండాలో కుర్చీ సముద్రం వైపు తిరిగి ఉంది. ఊడ్చేటప్పుడు ఆమె జరిపి ఉంటుంది, లేక కావాలనే తిప్పిందో. ఇన్నయ్య దానిలో కూర్చుని కాసేపు అటే చూడడానికి ప్రయత్నించాడు. గట్టు కనిపించలేదు. లేచి, కుర్చీని రోడ్డు వైపు తిప్పుకున్నాడు. ఆయన్ను దించిన బస్సు, అక్కడితో రోడ్డు అయిపోతుంది గనక, వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోతోంది.

"ఇగ రేపటిదాక బస్సు లేదు" అంది భూదేవి లోపలినుంచి. "చేప నువ్వు కోస్తవా, నన్ను కొయ్యమంటవా?"

"ఇయ్యాల ఉండనీ" అన్నాడు ఇన్నయ్య. "రేపు జూద్దాం."